బాడీ లిఫ్ట్: చేయించాలా వద్దా, చేసుకుంటే ఎలా

టయోటా టకోమా పికప్ కొన్నాం, 33 అంగుళాల ఎత్తు టైర్లు వేయాలని ఉంది, బాడీ లిఫ్ట్ సరిపోతుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జీప్ ర్యాంగ్లర్ ఉన్నవాళ్లదీ అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాయడం మేలనిపించింది. అమెరికాలో సొంత గరాజ్‌లో, పక్కన ఒక స్నేహితుణ్ణి పెట్టుకుని ఈ పని చేసుకుందామనుకునేవారి కోసం ఇది. ఇండియాలో థార్‌కో జిమ్నీకో చేయిద్దామనుకుంటున్నవారు ముందు చట్టం గురించిన భాగం చదవండి. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది.

అసలు జరిగేది ఏమిటి

ఛాసీ మీద బాడీ కూర్చునే ప్రతిచోటా ఒక రబ్బరు బుష్, దాని గుండా ఒక పొడవాటి బోల్టు ఉంటాయి. ఆ బోల్టు విప్పి, బాడీని కాస్త ఎత్తి, మధ్యలో 1, 2 లేదా 3 అంగుళాల స్పేసర్ (మందపాటి దిమ్మ) పెట్టి, ఇంకా పొడవైన బోల్టుతో బిగించడమే బాడీ లిఫ్ట్. బాడీ ఒక్కటే లేస్తుంది. ఛాసీ, ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, స్ప్రింగులు ఎక్కడివక్కడే ఉంటాయి.

సగం మంది పొరబడేది ఇక్కడే. రాళ్ల దారిలో మీ డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల గుండు) నేలకు తగులుతుంటే బాడీ లిఫ్ట్ వల్ల వెంట్రుకవాసి లాభం కూడా ఉండదు. పీట మీద కూర్చున్నంత మాత్రాన కాళ్లు పొడవు కావు. ఇరుసును నేల నుంచి పైకి లేపేది టైరు ఒక్కటే. రెండో తరం టకోమా టీఆర్‌డీ ఆఫ్‌రోడ్‌కు కంపెనీ ఇచ్చిన 265/70ఆర్16 టైరు ఎత్తు సుమారు 30.6 అంగుళాలు. దాని బదులు, 33 అంగుళాలదని పిలిచే 285/75ఆర్16 వేస్తే 32.8 అంగుళాలు. తేడా 2.2 అంగుళాలు. ఇరుసు లేచేది అందులో సగం, అంటే 1.1 అంగుళం. బాడీ లిఫ్ట్ చేసేదల్లా ఆ పెద్ద టైరు తిరగడానికి మడ్‌గార్డు కింద చోటివ్వడం.

లాభమెంత, నష్టమెంత

మొదటి లాభం డబ్బు. కిట్లు సాధారణంగా 100 నుంచి 300 డాలర్ల మధ్య దొరుకుతాయి. స్ప్రింగులు, షాకులు మార్చి ఛాసీతో సహా ఎత్తే మంచి సస్పెన్షన్ లిఫ్ట్ అయితే వేలల్లోకి పోతుంది. రెండోది, బండి నడక మారదు. స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను, చక్రాల కోణాలను, ప్రొపెల్లర్ షాఫ్టు కోణాన్ని మనం తాకం కాబట్టి రోడ్డు మీద కుదుపులు మునుపటిలాగే ఉంటాయి, అలైన్‌మెంట్ చేయించే అవసరం రాదు. బరువైన భాగాలన్నీ కిందే ఉండిపోతాయి. అందుకే అంతే ఎత్తు సస్పెన్షన్ లిఫ్ట్‌తో పోలిస్తే గురుత్వ కేంద్రం తక్కువగా లేస్తుంది.

మూడో లాభం సంగతి చాలామందికి తెలియదు. 1997 నుంచి 2006 వరకు వచ్చిన ర్యాంగ్లర్ టీజేలో గేరుబాక్సు కింది రక్షణ పలక బాగా కిందికి వేలాడుతుంది. 1 అంగుళం బాడీ లిఫ్ట్ చేసి, దానితోపాటు ఇంజను మౌంట్లను కూడా 1 అంగుళం ఎత్తితే, గేరుబాక్సు పైన చోటు వస్తుంది. అప్పుడు ఆ పలకను పైకి జరుపుకోవచ్చు. బాడీ లిఫ్ట్ వల్ల నేల నుంచి నిజంగా ఎత్తు పెరిగేది ఇలాంటి సందర్భంలోనే.

ఇక నష్టాలు. బాడీకీ ఛాసీకీ మధ్య సందు బయటికి కనిపిస్తుంది. 1 అంగుళానికి ఎవరి కంటా పడదు, 3 అంగుళాలకు పక్క లేన్‌లో వెళ్లేవాడికీ కనిపిస్తుంది. ఛాసీకి బిగించిన బంపర్లు కిందే ఉండిపోయి బాడీ లేస్తుంది కాబట్టి వాటికి వేరే బ్రాకెట్లు కావాలి. బోల్టులు పొడవైనకొద్దీ ప్రమాదంలో వాటి మీద పడే వంపు ఒత్తిడి పెరుగుతుంది. స్టీరింగు షాఫ్టు, రేడియేటరు, గేరు లీవరు, పెట్రోలు గొట్టం వంటి వాటిలో ఒక కొన బాడీకి, మరో కొన ఛాసీకో ఇంజనుకో ఉంటుంది. వాటన్నిటినీ సరిచేయాలి. అసలు శ్రమంతా అక్కడే. స్పేసర్లు పెట్టడం చిన్న పని.

ఇంకొకటి, టకోమా యజమానులకు ప్రత్యేకంగా. ముందు చక్రానికి సరిగ్గా వెనుక, క్యాబిన్ మూలను మోసే బ్రాకెట్ ఒకటి ఉంటుంది. అది ఛాసీకి వెల్డింగ్ చేసి ఉంటుంది. 33 అంగుళాల టైరు వేసి స్టీరింగు పూర్తిగా తిప్పితే చాలా బళ్లలో మొదట గీసుకునేది దానికే. బాడీ లిఫ్ట్‌తో మడ్‌గార్డు లేస్తుంది కానీ ఈ బ్రాకెట్ లేవదు. డబ్బు ఖర్చుపెట్టాక కూడా టైరు గీసుకోవడం ఆగలేదని వాపోయేవాళ్ల కథ ఇదే. కాబట్టి టైరు ఎక్కడ గీసుకుంటోందో ముందు చూడండి. మడ్‌గార్డుకు గీసుకుంటే బాడీ లిఫ్ట్ పనికొస్తుంది. బ్రాకెట్‌కు గీసుకుంటే దాన్ని కోసి వెల్డింగ్ చేయించడమో, కొంచెం చిన్న టైరు ఎంచుకోవడమో చేయాలి.

నన్నడిగితే 1 అంగుళం నిశ్చింతగా చేసుకోవచ్చు. 2 అంగుళాలకు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 3 అంగుళాల కిట్ పెట్టెను చూసి ముచ్చటపడకండి. ఆ మూడో అంగుళం తెచ్చే లాభం కన్నా తెచ్చే పని ఎక్కువ.

మీ బండికి కుదురుతుందా

ఛాసీ వేరు, బాడీ వేరుగా ఉండే బళ్లకే ఇది సాధ్యం. టకోమా, ర్యాంగ్లర్, గ్లాడియేటర్, ఫోర్డ్ రేంజర్, 2021 తర్వాతి బ్రాంకో ఆ కోవలోవి. హోండా రిడ్జ్‌లైన్, ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ చూడటానికి పికప్‌లే అయినా బాడీ, ఛాసీ ఒకటే. వాటికి బాడీ లిఫ్ట్ అన్న మాటే లేదు. బ్రాంకో స్పోర్ట్ కూడా అంతే, పేరు చూసి మోసపోవద్దు. పాత జీప్ చెరకీ ఎక్స్‌జే మీద మోజుపడేవారికీ ఇదే జవాబు.

తర్వాత బండి కిందికి దూరి తుప్పు చూడండి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి మంచు రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే రోడ్ల మీద చల్లే ఉప్పు బోల్టులను తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో బాడీ మౌంట్ల చుట్టూ గట్టిగా పొడవండి. రేకు లోపలికి దిగితే లిఫ్ట్ సంగతి పక్కన పెట్టి ఛాసీని బాగుచేయించండి.

చట్టం, వారంటీ, బీమా

అమెరికాలో నియమం రాష్ట్రానికొకటి. కొన్నిచోట్ల బంపరు ఎత్తుకు హద్దు, కొన్నిచోట్ల ఛాసీ ఎత్తుకు. కాలిఫోర్నియాలో వాహన చట్టం 24008.5 సెక్షన్ ప్రకారం బాడీ నేల అడుగుభాగం ఛాసీ పైఅంచు కన్నా 5 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. 4,501 నుంచి 7,500 పౌండ్ల స్థూల బరువు కోవలోని బళ్లకు ఛాసీ ఎత్తు 30 అంగుళాలు దాటకూడదు. స్థూల బరువు (బండి, అది మోయగల గరిష్ఠ బరువు కలిపి, ఇంగ్లిష్‌లో GVWR) డ్రైవరు తలుపు సందులోని స్టిక్కరు మీద ఉంటుంది. కిట్ కొనకముందే టేపు తీసుకుని ఈ రెండూ కొలవండి. కొన్ని బళ్లలో నేల అడుగుభాగం ఇప్పటికే ఛాసీ కన్నా ఎత్తులో ఉంటుంది. అలాంటి వాటికి 3 అంగుళాలు కలిపితే హద్దు దాటిపోవచ్చు.

బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ మొత్తం వారంటీని రద్దు చేయకుండా 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అడ్డుకుంటుంది. కానీ లిఫ్ట్ వల్లే చెడిందని తేలిన భాగానికి డబ్బు మీరే పెట్టుకోవాలి. బీమా కంపెనీకి మార్పు గురించి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగాక వాళ్లంతట వాళ్లు కనిపెడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ఇండియాలో సంగతి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే సంవత్సరం సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఫలానా షెడ్డువాడు చేసిపెడతానన్నాడని మురిసిపోకండి. రేపు రోడ్డు మీద పట్టుబడేది షెడ్డువాడు కాదు.

కావలసినవి

- మీ మోడల్‌కూ సంవత్సరానికీ సరిపోయే పూర్తి కిట్: స్పేసర్లు, పొడవు బోల్టులు, బంపరు బ్రాకెట్లు, అవసరమైతే స్టీరింగు షాఫ్టు పొడిగింపు
- ఎక్కువ ఎత్తుకు లేచే జాకీలు రెండు, చక్రాలకు అడ్డుచెక్కలు
- వెడల్పాటి గట్టి చెక్క దిమ్మలు
- సాకెట్ సెట్టు, పొడవాటి పిడి ఉన్న రెంచి, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి
- తుప్పు వదిలించే స్ప్రే, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు)
- పెయింటు పెన్ను, టేపు, ఫోను కెమెరా
- మీ బండి సర్వీసు మాన్యువల్
- ఒక మనిషి. ఒంటరిగా చేసే పని కాదిది

కిట్ తెరవగానే బోల్టుల తలలు చూడండి. అంగుళాల కొలత బోల్టు అయితే తల మీద ఆరు గీతలు ఉండాలి, అది గ్రేడ్ 8. మెట్రిక్ అయితే 10.9 అని ముద్ర ఉండాలి. ఏ ముద్రా లేని బోల్టు వస్తే కిట్ వెనక్కి పంపండి.

స్పేసర్ పాలియురెథేన్, నైలాన్, అల్యూమినియం ఏదైనా ఫరవాలేదు. ఐస్ హాకీ ఆడే రబ్బరు బిళ్లకు రంధ్రం వేసి వాడేవాళ్లూ ఉన్నారు. అది 1 అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు ఉంటుంది కనుక చక్కగా కుదిరినట్టే కనిపిస్తుంది. ఎన్నో బళ్లు దానితో తిరుగుతున్నాయన్నదీ నిజమే. కానీ బరువు మోయడానికి తయారైన వస్తువు కాదది, పైగా దానితో సరైన బోల్టులు రావు. వంద డాలర్ల కోసం కుటుంబాన్ని దాని మీద కూర్చోబెట్టకండి.

పని మొదలు

1. మూడు రోజుల ముందు నుంచీ ప్రతి బాడీ బోల్టుకూ రోజూ స్ప్రే కొట్టండి. కింది నుంచే కాదు, పైన నట్టు అందే చోట పై నుంచి కూడా.

2. కొలతలు తీసుకోండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు, బంపరుకూ బాడీకీ మధ్య సందు, క్యాబిన్‌కూ వెనుక తొట్టికీ మధ్య సందు రాసిపెట్టుకోండి. ఇంజను దగ్గర ప్రతి గొట్టానికీ వైరుకూ ఫొటో తీయండి.

3. బండిని చదునైన కాంక్రీటు మీద నిలపండి. చక్రాలకు అడ్డం పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. ముందు చక్రాలను నేరుగా పెట్టి, తాళంతో స్టీరింగును బిగించండి. తాళంతో కుదరకపోతే సీటు బెల్టును స్టీరింగు చక్రంలోంచి దూర్చి కట్టేయండి. ఇది దాటవేయవద్దు. స్టీరింగు చక్రం కింద క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట ఉంటుంది, ఎయిర్‌బ్యాగుకూ హారనుకూ వైర్లు అందులోంచే వెళ్తాయి. కింద షాఫ్టు విప్పాక చక్రం ఇష్టం వచ్చినట్టు తిరిగితే ఆ చుట్ట తెగుతుంది.

4. స్టీరింగు షాఫ్టు జాయింటు మీద, అది కలిసే భాగం మీద కలిపి ఒకే గీత పెయింటు పెన్నుతో గీసి, ఆ తర్వాతే బోల్టు తీయండి. రేడియేటరు వెనుక ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచాన్ని విప్పి వదులుగా ఉంచండి. గేరు లీవరు తొడుగు, పెట్రోలు పోసే గొట్టం క్లిప్పులు, ఛాసీ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగలు, బ్రేకు గొట్టాల బ్రాకెట్లు, హ్యాండ్‌బ్రేకు తీగ, ముందు బంపరు అన్నీ వదులు చేయండి. ఛాసీ వెంబడి టార్చితో ముందు నుంచి వెనక్కి ఒకసారి వెళ్లి, బాడీకీ ఛాసీకీ మధ్య బిగుతుగా సాగి ఉన్నది ఇంకేమైనా ఉందేమో చూడండి.

5. బాడీ బోల్టులన్నీ రెండు వైపులా కొద్దిగా వదులు చేయండి. తర్వాత ఒక వైపువి మాత్రమే పూర్తిగా తీయండి. రెండో వైపు బోల్టులు మూడు నాలుగు చుట్లు విప్పి అలాగే ఉండాలి. అన్నీ ఒకేసారి తీస్తే బాడీ పక్కకు జారిపోతుంది, మళ్లీ రంధ్రాలు కలపడం నరకం.

ఇక్కడే పెద్ద గండం. కొన్ని బోల్టులకు పైన నట్టు బాడీ లోపల చిన్న పంజరంలో బిగించి ఉంటుంది. బోల్టు కొంచెం కదిలి, ఉన్నట్టుండి తేలిగ్గా తిరగడం మొదలై, ఎంత తిప్పినా కిందికి రాకపోతే ఆ పంజరం విరిగి నట్టు కూడా తిరుగుతోందని అర్థం. వెంటనే ఆపండి. బలం ఉపయోగించేకొద్దీ చెడుతుంది. ఆ చోట కార్పెట్ లేపి చూడండి. నట్టు అందితే పానాతో పట్టుకోవచ్చు. అందకపోతే రేకులో చిన్న కిటికీ కోయాలి, పని అయ్యాక మూత వేసి సీలు చేయాలి. అది మీ చేతిలో పని కాదనిపిస్తే మిగతా బోల్టులు బిగించి బండిని వెల్డరు దగ్గరికి తీసుకెళ్లండి. తుప్పు పట్టిన బోల్టుకు స్ప్రే వేసి, ముందుకు పావు చుట్టు, వెనక్కి పావు చుట్టుగా ఆడిస్తూ తీస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇంపాక్ట్ గన్‌తో ఒక్కసారిగా లాగేవారికే ఇది ఎక్కువగా వస్తుంది.

6. జాకీ మీద చెక్క దిమ్మ పెట్టి, తలుపుల కింద రెండు రేకులు కలిసే అంచు దగ్గర ఆనించండి. పలుచటి నేల రేకు మీద ఆనిస్తే సొట్ట పడుతుంది. అర అంగుళం చొప్పున ఎత్తండి. ప్రతిసారీ ఆగి, మీ స్నేహితుణ్ణి ఇంజను దగ్గర ఉంచి, ఏదైనా లాగుతోందా, కిర్రుమంటోందా చూడమనండి. స్పేసర్ పట్టేంత వస్తే చాలు, అంతకన్నా ఎత్తవద్దు.

బాడీకీ ఛాసీకీ మధ్య వేళ్లు ఎప్పుడూ పెట్టకండి. స్పేసర్‌ను పక్క నుంచి తోయండి, జరపాలంటే కర్రతో జరపండి. జాకీ ఒక్కటి జారితే చాలు.

7. కంపెనీ రబ్బరు బుష్‌ను తీసేయవద్దు. స్పేసర్ దానికి తోడు, బదులు కాదు. కిట్ కాగితం చెప్పిన వైపున స్పేసర్ పెట్టి, కొత్త బోల్టుకు థ్రెడ్‌లాకర్ రాసి చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే మర తప్పిందన్నమాట. తీసి మళ్లీ పెట్టండి. ఇప్పుడే బిగించవద్దు.

8. రెండో వైపూ ఇలాగే. పికప్ అయితే క్యాబిన్ అయ్యాక వెనుక తొట్టి. రెండింటికీ ఒకే ఎత్తు స్పేసర్లు పడ్డాయో లేదో సరిచూసుకోండి.

9. జాకీలు దించి, బాడీ బరువంతా స్పేసర్ల మీద పడ్డాక, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందును రాసుకున్న కొలతతో పోల్చి సరిచేసి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. ఒక మూల బిగించాక దానికి ఐమూలగా ఉన్నది బిగించాలి. గట్టిగా ఉంటుందని ఎక్కువ బిగిస్తే రబ్బరు నలిగి, క్యాబిన్‌లో మోత పెరుగుతుంది.

10. స్టీరింగు షాఫ్టును గీతలు కలిసేలా తిరిగి బిగించండి. 1 అంగుళానికి చాలా బళ్లలో షాఫ్టు సాగే గుణమే సరిపోతుంది. కానీ లోపలి గొట్టం బయటి గొట్టంలో ఇంకా ఎంత మిగిలిందో కళ్లతో చూడండి. కొసన వేలాడుతుంటే పొడిగింపు పెట్టాల్సిందే. 2 అంగుళాలు, ఆపైన అయితే కిట్‌లో పొడిగింపు లేకుండా పని ముగించవద్దు. ఇది ఊడితే బండి మీ చేతిలో ఉండదు.

11. రేడియేటరు చాలా బళ్లలో బాడీతో పాటు లేస్తుంది, ఇంజనుకు ఉన్న ఫ్యాను లేవదు. అంటే ఫ్యాను రెక్కలు కవచం కింది అంచుకు తగులుతాయి. కిట్‌లో బ్రాకెట్లు ఉంటే రేడియేటరునో కవచాన్నో అంతే కిందికి దించండి. లేకపోతే కవచం కింది అంచు కోయాలి. కోస్తే పైన మిగిలే సందును ప్లాస్టిక్ పట్టీతో మూయండి. ఇంజను ఆపి ఉండగానే ఫ్యానును చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి, అన్నివైపులా వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడండి.

12. గేరు లీవరు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె) లీవరు, హ్యాండ్‌బ్రేకు తీగ, పెట్రోలు గొట్టం, ఎర్తు తీగలు తిరిగి బిగించండి. ఏదైనా వీణ తీగలా లాగి ఉంటే దాని బ్రాకెట్‌ను జరపండి. టీజేలో ట్రాన్స్‌ఫర్ కేసు లింకేజీ బాడీకి కట్టి ఉంటుంది, దాని బ్రాకెట్ దించకపోతే ఫోర్-లో (నాలుగు చక్రాలూ తిరిగే తక్కువ వేగపు గేరు) పడదు. బంపర్లు బిగించి, చివరగా బ్యాటరీ.

రోడ్డెక్కే ముందు పరీక్షలు

ఇంజను ఆన్ చేయకుండానే గేరు లీవరును ప్రతి స్థానంలోకీ వేసి చూడండి. ఆటోమేటిక్ బండి అయితే పార్కింగులోనూ న్యూట్రల్‌లోనూ మాత్రమే స్టార్టవుతోందా, రివర్సు దీపం వెలుగుతోందా చూడండి. స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు తిప్పండి, ఎక్కడా పట్టకూడదు. బ్రేకు పెడల్ మునుపటిలా గట్టిగా ఉండాలి.

తర్వాత ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి, స్టీరింగు పూర్తిగా తిప్పి, టైరు దేనికైనా తగులుతోందా టార్చితో చూడండి. రెండో వైపూ ఇలాగే. చదును నేల మీద గీసుకోని టైరు, ఒక చక్రం లేచినప్పుడు గీసుకోవచ్చు. పాత టైర్లతో ఒకసారి, కొత్త టైర్లతో ఒకసారి చూడండి.

బండిని గోడకు 25 అడుగుల దూరంలో నిలబెట్టి హెడ్‌లైట్ల కాంతిని దించండి. లేకపోతే ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి. అద్దం వెనుక కెమెరా, ముందు రాడారు ఉన్న కొత్త బళ్లకు వాటిని మళ్లీ సరిచేయించాలో లేదో డీలరును అడగండి. 2018 నుంచి టకోమాలన్నిటికీ ఇవి ఉన్నాయి.

పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. పైన చెప్పిన 30.6 నుంచి 32.8కి మారితే, ముల్లు 65 మైళ్లు చూపేటప్పుడు మీరు వెళ్లేది దాదాపు 70. టికెట్ వచ్చాక లెక్క వేసుకోవడం కన్నా ముందే సరిచేయించండి.

ఈ లక్షణం కనిపిస్తే అక్కడ చూడండి

హైవే మీద మామూలుగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను వేడెక్కుతుంటే ఫ్యాను కవచం చుట్టూ సందు ఉంది. నిలిచి ఉన్నప్పుడు ఫ్యాను రేడియేటరులోంచి కాకుండా ఆ సందులోంచి గాలి లాగుతోంది.

పెట్రోలు పోసేటప్పుడు పంపు మాటిమాటికీ ఆగిపోతే, పోసే గొట్టం మడత పడింది.

ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, హారను మోగకపోతే క్లాక్ స్ప్రింగ్ తెగింది. స్టీరింగు చక్రం నేరుగా లేకుండా బండి మాత్రం నేరుగా వెళ్తుంటే, షాఫ్టు మరల ఒక పన్ను పక్కకు పడింది. మీరు గీసిన గీతలు చూసుకోండి. ఇంజను ఆన్ చేసినప్పుడు దీపాలు మసకబారుతుంటే ఎర్తు తీగ వదులుగా ఉంది.

తలుపు మునుపటిలా పడకపోతే ఏదో ఒక మౌంటు మిగతావాటి కన్నా ఎత్తుగానో వదులుగానో ఉంది. గేరు మార్చినప్పుడల్లా కింద టక్కుమంటే బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడండి. వెనుక చక్రం ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉంటే హ్యాండ్‌బ్రేకు తీగ లాగి, బ్రేకు సగం పట్టే ఉంది. ఈ ఒక్కటి వస్తే మాత్రం బండిని అక్కడే ఆపండి.

వేరే దారులు

మీకు కావలసింది 32 అంగుళాల టైరే అయితే, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌ను హీట్‌గన్‌తో వెనక్కి వంచి, బంపరు కింది మూలను కాస్త కోస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది. ఖర్చు దాదాపు సున్నా. కాలిఫోర్నియాలోని హాలిస్టర్ హిల్స్ వంటి ఆఫ్‌రోడ్ పార్కుల్లో నెలకొకసారి తిరిగేవారికి ఇది చాలు.

రాళ్లెక్కేవారు, కాలిఫోర్నియాలోని కఠినమైన రాళ్ల దారి రూబికాన్ ట్రెయిల్ కలలు కంటున్నవారు సస్పెన్షన్‌కే డబ్బు దాచుకోండి. చక్రం కిందికి మీదికి ఎంత కదులుతుందన్నదే అక్కడ పనికొస్తుంది, అది బాడీ లిఫ్ట్ ఇవ్వదు. 2 అంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్‌కు 1 అంగుళం బాడీ లిఫ్ట్ కలపడం నాకు అన్నిటికన్నా నచ్చిన కలయిక. 33 అంగుళాల టైరుకు కావలసిన చోటు వస్తుంది, బండి వికారంగానూ కనిపించదు.

500 మైళ్ల తర్వాత

500 మైళ్లు తిరిగాక బాడీ బోల్టులన్నిటికీ టార్క్ రెంచి మళ్లీ పెట్టండి. స్టీరింగు జాయింటు బోల్టుకు కూడా. బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు కింద చూసినా ఆ గీత విరిగి ఉంటే ఆ బోల్టు కదిలిందని తెలిసిపోతుంది. బురద దారిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ గొట్టం నీళ్లతో స్పేసర్ల చుట్టూ కడగండి, అక్కడ పేరుకున్న మట్టి తడిని పట్టి ఉంచుతుంది.

తీసేసిన పాత బోల్టులను, బ్రాకెట్లను పారేయకండి. ఏది ఎక్కడిదో చీటీ కట్టి డబ్బాలో పెట్టి ఉంచండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు మామూలు ఎత్తుకే కావాలంటే ఆ డబ్బా మీకు ఒక రోజు పని తగ్గిస్తుంది.